పసిపిల్లల చదువు, కుటుంబ క్షేమం: పరిశోధనలు చెబుతున్నదెంత?

బిడ్డ బడిలో చేరడానికి ముందున్న అయిదారేళ్ళ కాలం ఒకప్పుడు పూర్తిగా ఇంటి వ్యవహారం. తల్లి ఒడి, అమ్మమ్మ నానమ్మల మాటలు, పెద్దపిల్లల తోడు, వాడకట్టులోని ఇరుగుపొరుగు - వీటి మధ్యనే ఆ కాలం గడిచిపోయేది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ పరిస్థితి మారింది. ప్రభుత్వాలు పసిపిల్లల కోసం కేంద్రాలు తెరిచాయి. వాటికయ్యే ఖర్చుకు ఫలితం ఏమిటన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానంగా మనస్తత్వవేత్తలు, వైద్యులు, ఆర్థికవేత్తలు జరిపిన పరిశోధనలు ఈనాడు ఒక పెద్ద వాఙ్మయంగా పెరిగాయి.

ఈ వాఙ్మయాన్ని పండితుల చర్చగా భావించి పక్కన పెట్టడానికి వీలులేదు. మూడేళ్ళ బిడ్డను ఎక్కడికి పంపాలి, తల్లి పనికి వెళ్ళాలా వద్దా, ప్రభుత్వం డబ్బును కేంద్రాలకు ఇవ్వాలా కుటుంబాలకు ఇవ్వాలా అన్న నిర్ణయాలు ఈ పరిశోధనల పేరిటనే జరుగుతున్నాయి. కనుక అవి నిజంగా ఏమి చెప్పాయి, చెప్పని దాన్ని వాటికి ఎవరు అంటగట్టారు అన్న విచారణ అవసరం.

ఇప్సిలాంటీ ప్రయోగం

ఈ రంగంలో అత్యధికంగా ఉదహరింపబడేది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటీ పట్టణంలో జరిగిన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. 1962 నుండి 1967 వరకు డేవిడ్ వైకార్ట్, ఆయన సహచరులు దీన్ని నడిపారు. పేద నల్లజాతి కుటుంబాల నుండి 123 మంది పిల్లలను ఎంపిక చేశారు. వారిలో 58 మందికి బడి లభించింది. 65 మందికి లభించలేదు. బడి వారానికి 5 రోజులు, ఉదయం పూట రెండున్నర గంటలు. 5, 6 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయిని చొప్పున ఉండేది. ఉపాధ్యాయినులందరూ శిక్షణ, అర్హత కలిగినవారు. అంతటితో ఆగలేదు. వారానికి ఒకసారి ఉపాధ్యాయిని ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళి తల్లితో, బిడ్డతో కలిసి దాదాపు గంటన్నర సేపు గడిపేది.

ఫలితాలు విచిత్రంగా ఉన్నాయి. బడికి వెళ్ళిన పిల్లల తెలివితేటల పరీక్షల మార్కులు మొదట బాగా పెరిగాయి. ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసరికి ఆ ఆధిక్యం దాదాపుగా అదృశ్యమైంది. ఆనాటితో పరిశీలన ఆపివేసి ఉంటే ఈ ప్రయోగం విఫలమైందనే తీర్పు వచ్చేది. కాని పరిశోధకులు ఆ పిల్లల్ని విడిచిపెట్టలేదు. 40 ఏళ్ళ వయసులో సేకరించి 2005లో ప్రచురించిన వివరాల ప్రకారం, బడికి వెళ్ళినవారిలో 77 శాతం హైస్కూలు పూర్తి చేశారు. వెళ్ళనివారిలో 60 శాతమే. అయిదుసార్లు లేక అంతకుమించి అరెస్టయినవారు మొదటి వర్గంలో 36 శాతం కాగా రెండో వర్గంలో 55 శాతం. మార్కులు నిలవలేదు, మనుషులు నిలిచారు.

ఈ వైరుధ్యానికి వివరణను నోబెల్ పురస్కార గ్రహీత జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు 2013లో ప్రచురించారు. ఆ పిల్లలకు దక్కిన మేలు అధికభాగం తెలివి ద్వారా కాక నడవడి ద్వారా వచ్చిందని వారి నిర్ణయం. కోపాన్ని అణచుకోవడం, తోటివారితో మెలగడం, పెట్టిన పనిని విడవకుండా చేయడం వంటి గుణాలు ఆ పిల్లల్లో స్థిరపడ్డాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటల్ని జంటగా వాడడం పాఠకులకు తెలిసిందే. మొదటిది బోధన, రెండోది పెంపకం. పెర్రీ పరిశోధకులు తొలుత కొలిచింది మొదటిదాన్ని. చివరకు ఫలించింది రెండోది. ఈ తేడాను గ్రహించడానికి ఆ శాస్త్రానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇంతవరకు ప్రశంసించదగినదే. అయితే ఈ ప్రయోగంలోని రెండు అంశాలు విమర్శకు నిలబడవు. మొదటిది ఎంపికకు సంబంధించింది. పిల్లల్ని రెండు వర్గాలుగా విభజించిన తర్వాత, తల్లి ఉద్యోగం చేస్తున్న కొందరు పిల్లల్ని బడి లభించే వర్గం నుండి లభించని వర్గానికి మార్చారు. ఇంటికి వెళ్ళే ఉపాధ్యాయినికి పగటివేళ ఆ తల్లులు దొరకరన్నదే దానికి కారణం. ఈ మార్పును లెక్కలోకి తీసుకుని కూడా ముఖ్య ఫలితాలు నిలుస్తాయని హెక్‌మన్ బృందం తర్వాత చూపింది. గణితపరంగా ఆ సమాధానం చాలవచ్చు. కాని విధానపరంగా మిగిలే ప్రశ్న వేరు. పిల్లల కేంద్రం ఎవరికి అత్యవసరమో, ఆ పనిచేసే తల్లి బిడ్డకే ప్రయోగంలో చోటు తగ్గింది. ప్రపంచమంతటా పనిచేసే తల్లుల కోసం తెరిచే కేంద్రాలకు ఈ ప్రయోగాన్ని ప్రమాణంగా చూపడం ఎంతవరకు సబబు?

రెండోది, బడి వల్ల ఎంత మేలు జరిగింది, ఇంటికి వెళ్ళడం వల్ల ఎంత జరిగింది అన్నది ఈ ప్రయోగం విడదీసి చెప్పలేదు. రెండూ ఒకే పిల్లలకు అందాయి. వారం వారం ఒక చదువుకున్న స్త్రీ ఇంటికి వచ్చి, తల్లిని గౌరవించి, బిడ్డ గురించి మాట్లాడి వెళ్ళడం ఆ ఇంటిలో ఏ మార్పు తెచ్చిందో తెలియదు. ఆ తర్వాత వచ్చిన అనేక కార్యక్రమాలు బడిని అనుకరించాయి. ఇంటి సందర్శనను ఖర్చు కింద లెక్కించి తగ్గించాయి, లేదా తొలగించాయి.

అంకె మిగిలింది, షరతులు జారిపోయాయి

పెర్రీ ప్రయోగంపై పెట్టిన ఒక డాలరు ఎన్ని డాలర్లుగా తిరిగి వచ్చిందన్న లెక్క ఈ పరిశోధనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. పిల్లలు 27 ఏళ్ళవారైనప్పుడు వేసిన లెక్కలో 7 డాలర్లకు పైగా వచ్చాయి. 40 ఏళ్ళప్పుడు 16కు పైగా వచ్చాయి. 2010లో హెక్‌మన్ బృందం మరింత జాగ్రత్తగా లెక్కించి సాలీనా 7 నుండి 10 శాతం రాబడి అని తేల్చింది. 2013 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా చట్టసభల ఉమ్మడి సమావేశంలో ఒక డాలరుకు ఏడు డాలర్లకు మించిన ఆదా గురించి ప్రస్తావించారు. అక్కడి నుండి ఆ అంకె దేశదేశాల నివేదికల్లోకి ప్రవేశించింది.

కాని ఆ అంకెలో ఏమున్నదో చూసినవారు తక్కువ. సమాజానికి కలిగిన లాభంలో సింహభాగం నేరాలు తగ్గడం వల్ల, అదీ మగవారి నేరాలు తగ్గడం వల్ల మిగిలిన సొమ్ము. అంటే నేరాల రేటు ఎక్కువగా ఉన్న, జైళ్ళ మీద విపరీతంగా ఖర్చు పెట్టే ఒక దేశంలో, 1960లలో పెరిగిన కొద్దిమంది పేద నల్లజాతి పురుషుల జీవితాల నుండి వచ్చిన అంకె అది. ఆ పరిస్థితులు లేని చోట అదే అంకెను చెప్పడం, ఒక ఊరి నేలలో పండిన దిగుబడిని చూపి మరో ఊరి రైతుకు శిస్తు కట్టినట్లుంటుంది.

పెద్ద ఎత్తున నడిచిన కార్యక్రమాల చరిత్ర ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ పథకాన్ని 2002 నుండి దేశవ్యాప్తంగా వేలాది పిల్లలతో పరీక్షించారు. తొలి ఏడాది కనిపించిన ప్రయోజనాలు మూడో తరగతి వచ్చేసరికి చాలావరకు మిగలలేదని 2012 నివేదిక తెలిపింది. టెన్నెసీ రాష్ట్రంలో పేద పిల్లల కోసం నడిచిన ప్రీ-కె బడుల ఫలితం ఇంకా కలవరపరిచేది. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ పద్ధతిలో పిల్లల్ని చేర్చుకున్నారు. 2,990 మంది పిల్లల్ని ఆరో తరగతి దాకా పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. బడికి వెళ్ళినవారు ఆ ఏడాది చివర ముందంజలో ఉన్నారు. ఆరో తరగతిలో మాత్రం వెళ్ళనివారికన్నా మార్కుల్లో వెనుకబడ్డారు, క్రమశిక్షణ సంబంధమైన ఫిర్యాదులూ వారిపైనే ఎక్కువ.

ఈ ఫలితం చూసి పసిపిల్లల బడులన్నీ హానికరమని తీర్మానించడం తొందరపాటు. హెడ్ స్టార్ట్‌లో చేరిన, చేరని తోబుట్టువుల్ని పోల్చి డేవిడ్ డెమింగ్ 2009లో ప్రచురించిన అధ్యయనం, మార్కులు కరిగిపోయినా యౌవనంలో మేలు కనిపించిందని తెలిపింది. పెర్రీ కథే ఇక్కడా పునరావృతమైంది. టెన్నెసీలో మాత్రం నడవడిలోనూ నష్టమే కనిపించింది. ఆ పథకాన్ని పరిశీలించిన డేల్ ఫారన్ వంటివారు నాలుగేళ్ళ బిడ్డను కూర్చోబెట్టి అక్షరాలు రుద్దించే పద్ధతిని తప్పుపట్టారు. దీన్నిబట్టి తేలేది ఒకటే. ‘ప్రీస్కూల్’ అనే పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. తల్లిదండ్రులకు గాని, ప్రభుత్వాలకు గాని పేరు మీద హామీ ఇవ్వడం సాధ్యం కాదు.

క్విబెక్: ఇంటిని అడిగిన పరిశోధన

ఇంతవరకు చెప్పిన పరిశోధనల్లో కేంద్రబిందువు బిడ్డ. తల్లి ఆరోగ్యం ఎలా ఉంది, దంపతుల మధ్య సఖ్యత ఎలా ఉంది అన్న ప్రశ్నలకు వాటిలో పెద్దపీట దక్కలేదు. ఆ లోటును తీర్చడానికి పూనుకున్నది కెనడాలోని క్విబెక్ రాష్ట్రంపై మైకేల్ బేకర్, జొనాథన్ గ్రూబర్, కెవిన్ మిలిగన్ రాసి 2008లో ప్రచురించిన పరిశోధన. కుటుంబ క్షేమం అన్న మాట దాని శీర్షికలోనే ఉంది.

క్విబెక్ ప్రభుత్వం 1997 సెప్టెంబరులో నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 5 డాలర్ల రుసుముతో సంరక్షణ ప్రారంభించింది. ఏటేటా వయసు తగ్గిస్తూ 2000 నాటికి నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ వర్తింపజేసింది. పేద, ధనిక భేదం పెట్టలేదు. పరిశోధకులు క్విబెక్ కుటుంబాల్ని మిగతా కెనడా కుటుంబాలతో పోల్చారు. తల్లిదండ్రులిద్దరూ ఉన్న కుటుంబాల్లో 100 మంది తల్లులకు దాదాపు 8 మంది అదనంగా ఉద్యోగాల్లో చేరారు. ఇది పథకం సాధించదలచిన ఫలితమే. కాని పిల్లల్లో ఆందోళన, దుడుకుతనం, అనారోగ్యం పెరిగినట్లు, తల్లిదండ్రుల ప్రవర్తనలో కాఠిన్యం, నిలకడలేమి హెచ్చినట్లు, వారి ఆరోగ్యమూ దాంపత్య సంబంధమూ కొంత దెబ్బతిన్నట్లు కూడా తేలింది. 2019లో అదే పరిశోధకులు ఆ తరం పిల్లల్ని యౌవనంలో పరిశీలించి, ఆరోగ్యం, జీవితంపై సంతృప్తి తగ్గినట్లు, నేరాల్లో ఇరుక్కోవడం పెరిగినట్లు ప్రకటించారు.

ఈ పరిశోధన విలువ దాని ప్రశ్నలో ఉంది. కుటుంబం అంటే శ్రామికుల్ని సరఫరా చేసే సంస్థగానో, బిడ్డను కేంద్రానికి అప్పగించే సంస్థగానో చూడకుండా, లోపల మనుషులు ఎలా ఉన్నారని అది అడిగింది. ఆ తర్వాత వచ్చిన విధాన చర్చల్లో ఈ ప్రశ్నను తప్పించుకోవడం కష్టమైంది.

అయినా సమాధానంలో లోపాలు లేకపోలేదు. పిల్లల నడవడి గురించి చెప్పినవారు అధికంగా తల్లులే. ఉద్యోగంలో కొత్తగా చేరి, సాయంత్రానికి అలసి ఇంటికి వచ్చిన తల్లి అదే బిడ్డను మునుపటికన్నా చిరాకు బిడ్డగా వర్ణించే అవకాశం ఉంది. రెండోది సరాసరి సమస్య. సరాసరి అనేది ధనికుడి బిడ్డను, ఒంటరి తల్లి బిడ్డను ఒకే తూకంలో పెడుతుంది. కాటెలెన్‌బర్గ్, లెరర్ అనే పరిశోధకులు 2017లో ఆ తూకాన్ని విడదీసి చూశారు. ఒంటరి తల్లుల ఇళ్ళలో, అందులోనూ అత్యంత వెనుకబడిన పిల్లలకు ఈ పథకం మేలు చేసినట్లు కనుగొన్నారు. సరాసరిలో కనిపించిన నష్టం అందరిదీ కాదన్నమాట.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. రుసుము తగ్గగానే కేంద్రాలకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. శిక్షణ పొందిన సిబ్బంది అంత వేగంగా పెరగలేదు. జాపెల్, ట్రాంబ్లే, కోటే 2005లో 1,540 సంరక్షణ స్థలాల్ని పరిశీలించి, మంచివనదగ్గవి 27 శాతమేనని, 61 శాతం కనీస ప్రమాణం దగ్గరే ఆగిపోయాయని, మిగిలినవి అంతకన్నా తక్కువని తెలిపారు. లాభం కోసం నడిచేవాటికన్నా తల్లిదండ్రుల భాగస్వామ్యంతో లాభాపేక్ష లేకుండా నడిచేవి మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి క్విబెక్‌లో పరీక్షకు గురైంది తల్లి ఉద్యోగం కాదు. నాణ్యత సమకూరకముందే విస్తరించిన ఒక పథకం.

నార్వే అనుభవం దీనికి జోడించి చూడవలసింది. అక్కడ 1975లో సంరక్షణ కేంద్రాల విస్తరణ జరిగింది. హావ్‌నెస్, మోగ్‌స్టాడ్ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ చదివారు, ప్రభుత్వ భృతిపై తక్కువగా ఆధారపడ్డారు. తల్లుల ఉద్యోగాల్లో మాత్రం పెద్ద మార్పు రాలేదు. అదివరకు బంధువుల దగ్గరో, ఇరుగుపొరుగు దగ్గరో ఉంటున్న పిల్లలు కేంద్రాలకు మారారు. బిడ్డ ఏ కేంద్రానికి వెళ్ళిందన్నదానితో పాటు ఎక్కడి నుండి వెళ్ళిందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుందని దీనివల్ల స్పష్టమవుతుంది.

రెండు అపార్థాలు

ఈ పరిశోధనల నుండి రెండు అపార్థాలు పుట్టాయి. రెండూ తెలుగు సమాజంలో వినబడుతున్నవే. క్విబెక్ ఫలితాన్ని పట్టుకుని తల్లి గడప దాటడమే అనర్థమని వాదించేవారు ఒక పక్షం. వారి వాదన పైకి కుటుంబ పక్షపాతంగా కనిపిస్తుంది. కాని నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టే తల్లి గడప దాటలేదు. బిడ్డ ఆమె పక్కనే ఉంది. అయినా లెక్క ప్రకారం బీడీలు అప్పగించవలసిన తల్లికి బిడ్డతో మాట్లాడే తీరిక ఎక్కడిది? పొగాకు దుమ్ములో పెరిగే బిడ్డ తల్లి దగ్గరే ఉందని చెప్పి సంతృప్తి పడడం, కుటుంబ క్షేమాన్ని ఇంటి గోడలతో కొలవడమే అవుతుంది. తల్లి ఎక్కడ ఉందన్నదానికన్నా ఆమెకు తీరిక, ఆరోగ్యం, తోడు ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

పెర్రీ పేరు చెప్పి మూడేళ్ళ బిడ్డకు పుస్తకాల సంచి తగిలించేవారు రెండో పక్షం. పట్టణాల్లోనే గాక పల్లెల్లో కూడా ఇంగ్లీషు మీడియం నర్సరీలు వెలిశాయి. రోజంతా అక్షరాలు, అంకెలు రాయించే ఆ గదులకు, ఆటకు, మాటకు, బిడ్డ తానే ఎంచుకున్న పనికి ప్రాధాన్యమిచ్చిన పెర్రీ బడికీ సంబంధం లేదు. తక్కువ ఆదాయంలోనుండి ఫీజు కట్టే తండ్రి బిడ్డ భవిష్యత్తు కొంటున్నానని అనుకుంటున్నాడు. ఆ నమ్మకాన్ని పరిశోధన సమర్థించడం లేదు.

తెలుగునేల మీది సాక్ష్యం

పరాయి దేశాల అంకెల్ని అరువు తెచ్చుకోవడంలో పడి, తెలుగునేల మీదనే జరిగిన పరిశోధనల్ని పట్టించుకోకపోవడం ఈ చర్చలోని మరో లోపం. భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని ప్రారంభించింది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, వైద్య సిఫారసు, పోషణ బోధ, బడి ముందు విద్య - ఈ ఆరు సేవలూ ఒకే అంగన్‌వాడీ గడపలో దొరకాలన్నది ఆశయం. తల్లిని, బిడ్డను విడదీయకుండా చూడడం ఆ ఆశయంలోని గొప్పతనం. అమలులో ఆ కేంద్రం అధికంగా ఆహారం పంచే చోటుగా, రిజిస్టర్లు రాసే చోటుగా మిగిలిపోయిందన్నది పథకంపై దశాబ్దాలుగా వస్తున్న విమర్శ.

అయితే ఆహారం విలువను తక్కువ చేయరాదని హైదరాబాదు సమీప గ్రామాల్లో జరిగిన పరిశోధన చెబుతోంది. జాతీయ పోషకాహార సంస్థ 1987 నుండి 1990 వరకు 29 గ్రామాల్లో దీన్ని నిర్వహించింది. పథకం వచ్చిన 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టారు. పథకం ఇంకా రాని 14 గ్రామాల్ని పోలికకు తీసుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లల్ని వెతికి పరీక్షిస్తే, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. గుండె, రక్తనాళాల ఆరోగ్య లక్షణాలు కొన్ని మెరుగ్గా ఉన్నాయి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. 2016లో అవే గ్రామాల వివరాలతో వచ్చిన మరో అధ్యయనం, ఆ పిల్లలు చదువులో కూడా ముందున్నారని, దాదాపు ఒక తరగతి ఎక్కువ చదివారని తెలిపింది. గ్రామాల్ని చీటీలు వేసి పంచలేదు గనుక ఈ సాక్ష్యానికి హద్దులున్నాయి. అయినా తల్లి కడుపు నిండడం బిడ్డ చదువులో మొదటి పాఠమని దీనికన్నా సూటిగా చెప్పిన పరిశోధన అరుదు.

రెండో సాక్ష్యం 2011 నుండి 2016 వరకు అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో సుమారు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వరకు వెంబడించిన అధ్యయనం. వెనితా కౌల్, ఆమె సహచరులు జరిపిన ఈ అధ్యయనం ప్రకారం పిల్లలు విధానకర్తలు గీసిన దారిలో నడవడం లేదు. అంగన్‌వాడీ నుండి ప్రైవేటు బడికి, అక్కడి నుండి ప్రభుత్వ బడికి, మళ్ళీ వెనక్కు తిరుగుతున్నారు. అయిదేళ్ళ వయసుకు ఉండవలసిన సన్నద్ధత చాలామందిలో లేదు. అంగన్‌వాడీలో విద్య జరగడమే తక్కువ. ప్రైవేటు నర్సరీలో జరిగేది ఒకటో తరగతిని ముందుకు జరపడం. వయసుకు తగిన ఆట, మాట, కథ రెండు చోట్లా కొరవడ్డాయి. ప్రైవేటు, ప్రభుత్వ వివాదంలో మునిగినవారు ఈ ఫలితాన్ని శ్రద్ధగా చదవవలసి ఉంది.

మూడోది తమిళనాడులో అలెహాంద్రో గనీమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ జరిపిన ప్రయోగం. 640 అంగన్‌వాడీల్లో సగానికి, చీటీల పద్ధతిలో, బడి ముందు విద్య చూసుకునే ఒక అదనపు కార్యకర్తను ఇచ్చారు. ఆమె పని సగం పూటే. విద్యకు దక్కే సమయం రెట్టింపయింది. పాత కార్యకర్తకు పోషణ, ఆరోగ్యం చూసే తీరిక దొరికింది. ఏడాదిన్నర తర్వాత పిల్లల గణితం, భాష మెరుగుపడ్డాయి. కేంద్రాల్లో కొనసాగిన పిల్లల్లో ఎదుగుదల లోపం, పోషణ లోపం కూడా తగ్గాయి. కొత్త భవనం లేదు, కొత్త యంత్రం లేదు. ఒక మనిషి చేయవలసిన పనిని ఇద్దరికి పంచడమే జరిగింది.

ఈ ప్రయోగం మరో విషయాన్ని వెలుగులోకి తెస్తుంది. కుటుంబ క్షేమం గురించి మాట్లాడే విధానం అంగన్‌వాడీ కార్యకర్త కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆమె ఉద్యోగి కాదు, ‘గౌరవ వేతనం’ పొందే స్వచ్ఛంద సేవకురాలని ప్రభుత్వ నిర్వచనం. 2018లో కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకు 4,500 రూపాయలు; మిగతాది రాష్ట్రాల దయ. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగడానికి ఈ స్థితే నేపథ్యం. పెర్రీ బడిలోని ఉపాధ్యాయిని అర్హతను పొగిడే నివేదికలు ఆమె జీతం సంగతి మరచిపోతున్నాయి. బిడ్డల తర్బియత్ అప్పగించిన స్త్రీకి ఆమె బిడ్డల్ని పోషించగల వేతనం ఇవ్వని విధానం, తన మాటను తానే ఖండించుకుంటున్నది.

మూడేళ్ళలోపు పిల్లల సంగతి మరీ శూన్యం. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చదువు చెప్పేది మూడేళ్ళు నిండినవారికే. అంతకన్నా చిన్నవారికి ఇంటికి తీసుకుపోయే సరుకు అందుతుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవు, 50 మంది లేక అంతకుమించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణాలయం అన్న హక్కులిచ్చింది. పొలంలో నాట్లు వేసే తల్లికి, ఇంటింటా పాచిపని చేసే తల్లికి, బీడీ చుట్టే తల్లికి ఆ చట్టం దాదాపు అందలేదు. పెర్రీ ప్రయోగంలో పనిచేసే తల్లి బిడ్డ పక్కకు జరిగినట్లే ఇక్కడా జరిగింది. మొదటిది ప్రయోగశాల సౌలభ్యం కోసం, రెండోది పాలనా సౌలభ్యం కోసం.

పరిశీలించవలసిన మూడు ప్రశ్నలు

ఈ విచారణ నుండి, ముందు ముందు ఏ పరిశోధన ఫలితం చేతికి వచ్చినా అడగవలసిన మూడు ప్రశ్నలు తేలుతున్నాయి. కేంద్రంలో బిడ్డకు రోజంతా జరిగింది ఏమిటి? పేరు కాదు, ఫీజు కాదు. ఎవరు మాట్లాడారు, ఎంతమంది పిల్లలకు ఒకరున్నారు, ఏమి తిన్నారు, ఏమి ఆడారు అన్నది తెలియాలి. కేంద్రం లేకపోతే బిడ్డ ఎక్కడ ఉండేది? అమ్మమ్మ ఒడిలోనా, ఏడేళ్ళ అక్క కాపలాలోనా, పొగాకు పక్కనా అన్నదాన్ని బట్టి అదే కేంద్రం మేలుగానో కీడుగానో పరిణమిస్తుంది. ఆ ఫలితం వెలకట్టేటప్పుడు తల్లిని, బిడ్డను చూసుకున్న మరో స్త్రీని మనుషులుగా లెక్కించారా, ఖర్చుగా లెక్కించారా?

2021లో కెనడా ప్రభుత్వం రోజుకు సగటున 10 డాలర్ల రుసుముతో దేశమంతటా సంరక్షణ విస్తరించడానికి 5 ఏళ్ళలో 30 వందల కోట్ల డాలర్లు కేటాయించింది. భారతదేశంలో 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుండే విద్యను లెక్కించింది. 2023లో పోషణతో పాటు చదువు అన్న నినాదంతో అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ మొదలైంది. ఈ అడుగులు ఆహ్వానించదగినవే. వాటి ఫలితాన్ని నిర్ణయించేది మాత్రం ఇల్లూ కేంద్రమూ ఒకదానికొకటి పోటీగా నిలుస్తాయా, తోడుగా నిలుస్తాయా అన్నది.

పల్లెలో, బస్తీలో చదువుకున్నవారు చేయగలిగిన పని ఒకటుంది. తమ వీధి అంగన్‌వాడీలో ఒక ఉదయం కూర్చుని ఆ మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోవడం, ఆ జవాబుల్ని తల్లుల సమావేశంలో, గ్రామసభలో, వార్డు సభ్యుడి ముందు ఉంచడం. అరవై ఏళ్ళ పరిశోధన ఇచ్చిన జ్ఞానం ఆ వీధి బిడ్డకు అందే మార్గం అదే.